ఐదు గీతల ఖాళీ

దరఖాస్తులో పదకొండో ప్రశ్న:
క్రీడా వైద్యమే ఎందుకు?
కింద ఐదు గీతలు.
ఐదే.

నాతోటి వాళ్ళంతా సొంత గాయాలు రాస్తారు:
మోకాలు, మడమ, మంచం మీద గడిచిన ఒక శీతాకాలం,
దయగల డాక్టరు ఒకాయన.
నాకేం కాలేదు.
పదేళ్ళ జూడోలో
ఒక గోరు ఊడింది, అంతే.

విరిగింది ఖులన్ మోచెయ్యి.
విరిచింది నేను.

మోరోన్ ఊళ్ళో, బడి వ్యాయామశాలలో
బొగ్గు పొగ వాసన కొట్టే చాప మీద
సెమీఫైనల్.
ఒకే జట్టు, ఒకే బస్సు, ఎదురెదురుగా మేమిద్దరం.
ఆమె చెయ్యి నా తొడల మధ్య చిక్కింది.
నడుము పైకెత్తాను, నేర్పినట్టే,
ఒక్క అంగుళం.
రెండుసార్లు చాప తడితే వదిలేసేదాన్ని.
తట్టలేదు.
తడుతుందిలే అని నేను,
వదులుతుందిలే అని ఆమె.

ఆ చప్పుడు
వసంతంలో సెలెంగె నది మంచు పగిలినట్టు ఉందని
ఎవరికో చెప్పాను ఒకసారి.
అబద్ధం. అంత పెద్దది కాదు.
ఇంకెవరికీ వినపడనంత చిన్నది,
నా తొడ ఎముక గుండా నాలోకి వచ్చింది.
రిఫరీ నా చెయ్యి పైకెత్తాడు.

మా జట్టుకి డాక్టరు లేడు.
ఒక స్ప్రే డబ్బా ఉంది, అదీ ఖాళీ.
దారిలో తినడానికి వంటామె కట్టిచ్చిన
మాంసం కుడుములు, గడ్డకట్టినవి, ఒక సంచీడు.
అదే ఐసు.
డ్రైవరు లువ్‌సన్ బస్సు కిటికీ తెరకర్ర పీకి
మోచేతికి ఆనించి
నా బెల్టుతో కట్టాడు.
ఎర్దెనెత్ దాకా రాత్రంతా ప్రయాణం.
ప్రతి గుంతకీ ఆమె పళ్ళు కొరుక్కోవడం
వెనక సీట్లోంచి విన్నాను.
మెడలో పతకాన్ని కోటు లోపలికి తోసుకున్నాను,
చల్లగా తగిలింది.
తెల్లారేసరికి కుడుములు కరిగి
మాంసం నీళ్ళు ఆమె ఒళ్ళోకి కారాయి.
ఎవరూ నవ్వలేదు.
కాసేపటికి ఆమే నవ్వింది.

అతికింది అన్నారు ఆసుపత్రిలో.
బుల్గన్ నుంచి ఎముకలు సరిచేసే ముసలాయన వచ్చాడు.
కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో
చీకట్లో సూది బెజ్జం వెతికినట్టు వెతికాడు.
"ఎముక ఇంటికొచ్చింది తల్లీ,
లోపల ఒక తీగ అలిగి కూచుంది.
అది నా చేతికి లొంగేది కాదు" అన్నాడు.
తనకి చేతకాదని అంత మర్యాదగా
ఏ కోచూ ఒప్పుకోగా నేను చూడలేదు.

ఆ శీతాకాలం ఖులన్ జడ నేనే అల్లాను.
చిటికెన వేలికీ, పక్క వేలిలో సగానికీ
లోకం అందడం లేదని అప్పుడు తెలిసింది:
టీ వేడి, గ్లాసు తడి,
పట్టుకున్నది నా చెయ్యని.
క్షమించమన్నాను.
తట్టకపోవడం నా తప్పంది.
ఆ తప్పు నాదంటే నాదని చాలా నెలలు పెనుగులాడాం.
ఎవరూ గెలవలేదు.

గ్రంథాలయంలో అట్ట ఊడిన రష్యన్ శరీరశాస్త్ర పుస్తకం ఒకటుంది.
అందులో మోచెయ్యి బొమ్మ దగ్గర
చాలాసేపు కూచున్నాను.
ఎదుటివాళ్ళ కీలు ఎక్కడిదాకా వంగుతుందో
పదేళ్ళు నేర్పారు నాకు.
ఆ తర్వాత ఏమవుతుందో
ఒక్కరూ చెప్పలేదు.

ఇదంతా ఐదు గీతల్లో పట్టదు.
"ఆటగాళ్ళకి సేవ" అని మొదలుపెట్టి
కొట్టేశాను.
ఖులన్ పక్కనే ఉంది,
ఎడం చేత్తో గుర్రం బొమ్మేదో గీస్తూ.
కళ్ళు మూసుకోమన్నాను.
సూది మొనతో చిటికెన వేలి కొస తాకాను.
ఇప్పుడు?
లేదు.
ఇప్పుడు?
లేదు.
కాస్త పైకి, మణికట్టు వైపు.
ఇప్పుడు?
బయట రాగి గని బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది.
"ఏమో" అంది.

మొదటి గీత మీద
తేదీ వేసి
ఆ మాట రాశాను.